కొత్త ఫైల్ సర్వర్‌లో నెట్‌వర్క్ కార్డు మొండికేస్తే: ఫ్రీబీఎస్‌డీలో వరసగా వెతికి పట్టుకునే పద్ధతి

ఫ్రీబీఎస్‌డీ (లైనక్స్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) మీద కొత్తగా ఫైల్ సర్వర్ కట్టుకున్నవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది. "ఫ్రీబీఎస్‌డీ ఎక్కించాను, డిస్కులన్నీ కనబడుతున్నాయి, జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్ (డిస్కులన్నీ కలిపిన నిల్వ) కూడా తయారైంది, నెట్‌వర్క్ మాత్రం రావట్లేదు. ఏం చేయాలి?"

ఒక్క వాక్యంలో జవాబు చెప్పడం కుదరదు. "నెట్‌వర్క్ రావట్లేదు" అన్న మాట కింద ఐదు వేర్వేరు జబ్బులున్నాయి. కార్డు అసలు కనబడకపోవడం ఒకటి. కనబడినా డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) దొరక్కపోవడం రెండోది. డ్రైవర్ పట్టినా వైరులో లింకు రాకపోవడం మూడోది. లింకు ఉన్నా అడ్రసు తప్పుగా ఉండటం నాలుగోది. అన్నీ బాగున్నట్టే ఉండి వేగం లేకపోవడమో, మధ్యలో తెగిపోవడమో ఐదోది.

ఈ వరసలోనే చూడండి. కింది మెట్టు తేలకుండా పై మెట్టు ముట్టుకోకండి. ఇంకో నియమం: ఒకసారికి ఒక్కటే మార్చండి. వైరూ, డ్రైవరూ, సెట్టింగూ ఒకేసారి మార్చి నెట్ వచ్చిందనుకోండి, దేనివల్ల వచ్చిందో తెలియదు. వారం తర్వాత మళ్లీ పోతే మొదటి నుంచి వెతుక్కోవాలి.

కమాండ్లను ఫోన్‌లో ఒకరికొకరు చెప్పుకున్నట్టు తెలుగు లిపిలోనే రాశాను. టైప్ చేసేటప్పుడు చిన్న ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి. పెద్ద అక్షరాలు కావలసిన చోట విడిగా చెప్తాను. ఉదాహరణలన్నిట్లో కార్డు పేరు ఆర్‌ఈ0 అనుకున్నాను. మీ కార్డుకి ఏ పేరుంటే అది పెట్టుకోండి.

## 1. మొదలుపెట్టే ముందు

ఎస్‌ఎస్‌హెచ్‌లో, అంటే నెట్‌వర్క్ మీదుగా దూరం నుంచి, లాగిన్ అయి నెట్‌వర్క్ కార్డుని రిపేరు చేయబోవడం, కూర్చున్న కొమ్మని నరుక్కోవడమే. సర్వర్‌కి మానిటరూ కీబోర్డూ తగిలించి, దాని ముందే కూర్చోండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- వేరే కంప్యూటర్‌లో ఇప్పటికే బాగా పనిచేస్తున్న ప్యాచ్ కేబుల్ ఒకటి. కొత్తది కాదు, పనిచేస్తోందని తెలిసినది
- యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్, లేదా ఆండ్రాయిడ్ ఫోను, దాని డేటా కేబుల్
- నెట్ ఉన్న ఇంకో ల్యాప్‌టాప్
- మదర్‌బోర్డు మాన్యువల్, కనీసం దాని మోడల్ నంబరు
- పెన్నూ కాగితం. ఏం మార్చారో, ఎన్నింటికి మార్చారో రాసుకోవడానికి

తర్వాత ఇప్పుడున్న సెట్టింగుల ఫైలుకి ఒక నకలు తీసి పెట్టండి:

`సీపీ /ఈటీసీ/ఆర్‌సీ.కాన్ఫ్ /రూట్/ఆర్‌సీ.కాన్ఫ్.పాతది`

డేటా డిస్కుల జోలికి వెళ్లనక్కర్లేదు. నెట్‌వర్క్ రాలేదని పూల్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి (సిస్టమ్ నుంచి విడదీసి), ఆపరేటింగ్ సిస్టమ్ మళ్లీ ఎక్కించినవాళ్లని చూశాను. పదింట తొమ్మిదిసార్లు అది అనవసరపు శ్రమ. కొత్తగా ఎక్కించినా డ్రైవర్ లేని కార్డు డ్రైవర్ లేనట్టే ఉంటుంది.

## 2. ముందు వైరు, లైటు, స్విచ్

రెండు నిమిషాల పని, చాలామంది దాటేస్తారు. పనిచేస్తున్న కంప్యూటర్‌కి ఉన్న వైరునే పీకి సర్వర్‌కి పెట్టండి. స్విచ్ వైపు కూడా అదే పోర్టు ఉంచండి. ఇప్పుడు లైటు వెలిగితే మీ పాత వైరో, పాత పోర్టో చెడింది. పని అయిపోయింది.

వెలగకపోతే సర్వర్‌ని షట్‌డౌన్ చేసి, పవర్ కేబుల్ గోడ దగ్గర పీకేసి, ఒక నిమిషం ఆగి మళ్లీ పెట్టండి. కంప్యూటర్ ఆపినా ప్లగ్ ఉన్నంతసేపూ నెట్‌వర్క్ చిప్‌కి స్టాండ్‌బై కరెంటు అందుతూనే ఉంటుంది. ముందు విండోస్ నడిచిన మెషీన్ అయితే చిప్ నిద్రలోనే ఉండిపోయి, కొత్త సిస్టమ్‌లో లేవని సందర్భాలున్నాయి.

ఒక మాట గుర్తుంచుకోండి. లైటు వెలిగితే లింకు ఉన్నట్టే గానీ, లింకు బాగున్నట్టు కాదు. ఆ సంగతి 5వ మెట్టులో.

## 3. కార్డు సిస్టమ్‌కి కనబడుతోందా?

`పీసీఐకాన్ఫ్ -ఎల్‌వీ`

పెద్ద జాబితా వస్తుంది. అందులో క్లాస్ దగ్గర 0x020000 అని ఉన్న వరస కోసం చూడండి. అది ఈథర్నెట్ కార్డు. వెండర్ దగ్గర 0x8086 ఉంటే ఇంటెల్, 0x10ఈసీ ఉంటే రియల్‌టెక్. ఇంటెల్ తన పాత 8086 ప్రాసెసర్ నంబర్నే గుర్తుగా పెట్టుకుంది కాబట్టి మర్చిపోవడం కష్టం.

ఆ వరస మొదట్లో ఏముందన్నదే అసలు విషయం.

- ఆర్‌ఈ0, ఈఎం0, ఐజీబీ0, ఐజీసీ0 లాంటి పేరుంటే: డ్రైవర్ పట్టింది. 5వ మెట్టుకి వెళ్లండి.
- నన్0 అని, అంటే ఎన్ ఓ ఎన్ ఈ సున్నా అని ఉంటే: కార్డు కనబడింది, డ్రైవర్ లేదు. 4వ మెట్టు.
- ఆ వరసే లేకపోతే: కార్డు మదర్‌బోర్డుకే కనబడట్లేదు. ఇక్కడే ఆగండి.

కనబడకపోతే బయోస్‌లోకి వెళ్లి ఆన్‌బోర్డ్ ల్యాన్ కంట్రోలర్ ఎనేబుల్‌లో ఉందో లేదో చూడండి. దాని పక్కనే ల్యాన్ ఆప్షన్ రామ్ అనో, పీఎక్స్‌ఈ బూట్ అనో ఇంకో సెట్టింగ్ ఉంటుంది. అది నెట్‌వర్క్ నుంచి బూట్ అవడానికి సంబంధించింది. దాన్ని ఆపబోయి పైదాన్ని ఆపేసినవాళ్లు ఉన్నారు.

విడిగా కొన్న కార్డు అయితే పీకి, స్లాట్ మార్చి పెట్టండి. కొన్ని మదర్‌బోర్డుల్లో ఎం.2 స్లాట్‌లో ఎస్‌ఎస్‌డీ పెడితే ఒక పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ పనిచేయడం మానేస్తుంది. దారులు రెండిటికీ ఉమ్మడి. మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, అందుకే దాన్ని దగ్గర పెట్టుకోమన్నాను.

## 4. డ్రైవర్

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే, కాబట్టి కాస్త నెమ్మదిగా వెళ్దాం.

ఫ్రీబీఎస్‌డీలో కార్డు పేరు డ్రైవర్ పేరుని బట్టే వస్తుంది. లైనక్స్ నుంచి వచ్చినవాళ్లు ఈటీహెచ్0 కోసం వెతుక్కుని కంగారు పడతారు. ఇక్కడ అలాంటిది ఉండదు. ఇంటెల్ పాత గిగాబిట్ చిప్‌లు ఈఎం కిందికి, ఐ210, ఐ350 లాంటివి ఐజీబీ కిందికి, 2.5 గిగాబిట్ ఐ225, ఐ226 ఐజీసీ కిందికి వస్తాయి. రియల్‌టెక్ గిగాబిట్‌వి ఆర్‌ఈ కిందికి.

ముందు బూట్ సమయంలో కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఏమందో చదవండి. కమాండ్ పేరు డి ఎం ఇ ఎస్ జి:

`డీమెస్గ్ | గ్రెప్ -ఐ -ఈ ఈథర్నెట్ -ఈ ఆర్‌ఈ0`

ఇప్పుడు మూడు సందర్భాలు.

రియల్‌టెక్ 8125. పీసీఐకాన్ఫ్‌లో డివైస్ దగ్గర 0x8125 కనబడితే, అది 2.5 గిగాబిట్ చిప్. ఈమధ్య వచ్చే మామూలు ధర మదర్‌బోర్డుల్లో చాలావాటిపై ఇదే ఉంటోంది. ఫ్రీబీఎస్‌డీ 13, 14తో వచ్చే ఆర్‌ఈ డ్రైవర్‌కి ఈ చిప్ తెలియదు. రియల్‌టెక్ సొంత డ్రైవర్‌ని ప్యాకేజీగా వేసుకోవాలి:

`పీకేజీ ఇన్‌స్టాల్ రియల్‌టెక్-ఆర్‌ఈ-కేమాడ్`

చివరి ముక్క కె ఎం ఓ డి. వేశాక /బూట్/లోడర్.కాన్ఫ్ ఫైల్లో రెండు వరసలు చేర్చండి. విలువ ఎస్ అన్నది పెద్ద అక్షరాల్లో వై ఈ ఎస్:

`ఐఎఫ్_ఆర్‌ఈ_లోడ్="ఎస్"`
`ఐఎఫ్_ఆర్‌ఈ_నేమ్="/బూట్/మాడ్యూల్స్/ఐఎఫ్_ఆర్‌ఈ.కేఓ"`

రెండో వరస మర్చిపోతే మొత్తం శ్రమ వృథా. పాత ఆర్‌ఈ డ్రైవర్ కెర్నెల్‌లోనే కలిసి ఉంటుంది. కొత్తది ఎక్కడుందో దారి చూపించకపోతే సిస్టమ్ పాతదాన్నే పట్టుకుంటుంది. రీబూట్ చేయకుండా కేఎల్‌డీలోడ్‌తో ఎక్కించబోతే, ఆ మాడ్యూల్ (డ్రైవర్ ముక్క) ఇప్పటికే కెర్నెల్‌లో ఉందని తిప్పికొడుతుంది. కాబట్టి రాసి, రీబూట్ చేయండి.

రియల్‌టెక్ 8168. దీన్ని మామూలు ఆర్‌ఈ గుర్తుపడుతుంది. కానీ చిప్ కొత్త రివిజన్ అయితే డీమెస్గ్‌లో హార్డ్‌వేర్ రివిజన్ తెలియదన్న అర్థంలో ఒక వరస కనబడి, కార్డు అటాచ్ కాదు. మందు పైదే.

ఇంటెల్ ఐ225, ఐ226. ఐజీసీ డ్రైవర్ ఫ్రీబీఎస్‌డీ 13.1 నుంచి ఉంది. అంతకన్నా పాత ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్ వాడుతుంటే అదే కారణం. కొత్తది దింపుకోండి.

### నెట్ లేకుండా డ్రైవర్ ఎలా దింపాలి?

ఇది గుడ్డు ముందా కోడి ముందా లాంటి సమస్య. ప్యాకేజీ కావాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే ప్యాకేజీ కావాలి. తేలికైన దారి మీ జేబులోనే ఉంది.

1. ఆండ్రాయిడ్ ఫోన్‌ని డేటా కేబుల్‌తో సర్వర్‌కి తగిలించండి.
2. `కేఎల్‌డీలోడ్ ఐఎఫ్_యూఆర్‌ఎన్‌డీఐఎస్` అని కొట్టండి.
3. ఫోన్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి.
4. `ఐఎఫ్‌కాన్ఫిగ్` కొడితే యూఈ0 అనే కొత్త పేరు కనబడాలి.
5. `డీహెచ్‌క్లయింట్ యూఈ0` కొట్టండి. అడ్రసు వస్తే ఫోన్ డేటాతో సర్వర్‌కి నెట్ వచ్చినట్టే.

4వ దగ్గర ఏమీ రాకపోతే కేబుల్ మార్చండి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు ఇంట్లో నాలుగైదు తిరుగుతుంటాయి. ఫోన్‌లో వైఫై ఆన్‌లో ఉంటే చాలావరకు దాని ద్వారానే పోతుంది కాబట్టి డేటా ప్యాక్ అయిపోతుందని టెన్షన్ అక్కర్లేదు.

ఐఫోన్ అయితే మాడ్యూల్ వేరు, ఐఎఫ్_ఐపీహెచ్‌ఈటీహెచ్. దాంతో పని కాస్త ఎక్కువ. పక్కింట్లో ఆండ్రాయిడ్ అడిగి తెచ్చుకోవడమే నయం.

## 5. లింకు ఉందా, ఎంత వేగానికి ఉంది?

`ఐఎఫ్‌కాన్ఫిగ్ ఆర్‌ఈ0 అప్`
`ఐఎఫ్‌కాన్ఫిగ్ ఆర్‌ఈ0`

మొదటి వరస ఎందుకంటే, అప్ చేయనంతవరకూ కొన్ని డ్రైవర్లు లింకు స్థితి సరిగ్గా చూపించవు. రెండోదాని ఫలితంలో రెండు చోట్ల చూడండి.

స్టేటస్ దగ్గర యాక్టివ్ అని ఉంటే లింకు ఉంది. నో క్యారియర్ అని ఉంటే వైరులో సిగ్నల్ లేదు. ఇది సాఫ్ట్‌వేర్ సమస్య కావడం అరుదు. వైరు, పోర్టు, స్విచ్ మళ్లీ మార్చి చూడండి.

మీడియా దగ్గర 1000బేస్‌టీ ఫుల్ డూప్లెక్స్ (పంపడం, అందుకోవడం రెండూ ఒకేసారి) అని ఉండాలి. 100బేస్‌టీఎక్స్ అని ఉంటే, స్విచ్ గిగాబిట్‌దేనని మీకు ఖాయంగా తెలిస్తే, వైరుని అనుమానించండి.

కారణం ఇది. ఈథర్నెట్ వైరులో నాలుగు జతల తీగలుంటాయి. 100 మెగాబిట్‌కి రెండు జతలు చాలు: 1-2, 3-6. గిగాబిట్‌కి నాలుగూ కావాలి. మిగతా రెండు జతల్లో ఒక్క తీగ తెగినా గిగాబిట్ రాదు, కానీ 100 మాత్రం హాయిగా నడుస్తుంది. లైటు వెలుగుతుంది, పింగ్ (అటువైపు ఉన్నారా అని అడిగే చిన్న ప్యాకెట్) వెళ్తుంది, ఎవరికీ అనుమానం రాదు.

మా అన్నయ్య ఫోటో స్టూడియోలో నేను కట్టిన సర్వర్‌తో ఇదే జరిగింది. "ఒక పెళ్లి వీడియో ఎక్కించడానికి గంట పడుతోందిరా, నువ్వు పెట్టిందాని కన్నా పెన్‌డ్రైవ్ నయం" అన్నాడు. 40 జీబీ ఫోల్డర్‌కి గంట అంటే సెకనుకి 11 ఎంబీ. అంటే 100 మెగాబిట్ లింకు. ఆ లెక్క అప్పుడే వేసుకుని ఉంటే సరిపోయేది. నేను మాత్రం సాంబా (ఫైళ్లని నెట్‌వర్క్‌లో పంచే సాఫ్ట్‌వేర్) సెట్టింగులు మారుస్తూ రెండు రాత్రులు కూర్చున్నాను. చివరికి ఫాల్స్ సీలింగ్ పైన ఎలుక కొరికిన చోటు దొరికింది. వైరు మార్చాక అదే ఫోల్డర్ ఆరేడు నిమిషాల్లో వెళ్లింది.

వైరు విషయంలో సరిచూసుకోవాల్సినవి:

- వైరు పూర్తి రాగిదా, రాగి పూత వేసిన అల్యూమినియమా? రెండోది పెట్టె మీద సీసీఏ అని ఉంటుంది, చవక, త్వరగా విరుగుతుంది. సర్వర్‌కి వద్దు
- రెండు చివర్లా ఆర్‌జే45 క్లిప్ విరగకుండా ఉందా?
- మధ్యలో గోడ సాకెట్టో, కప్లరో ఉందా? దాన్ని తప్పించి నేరుగా పెట్టి చూశారా?
- మొత్తం పొడవు 100 మీటర్ల లోపేనా?

గిగాబిట్ రావట్లేదని `మీడియా 1000బేస్‌టీ` అని బలవంతంగా పెట్టకండి. గిగాబిట్‌కి రెండు వైపులా ఆటో నెగోషియేషన్ (వేగాన్ని తమలో తాము తేల్చుకోవడం) ఉండి తీరాలి. ఒక వైపు బలవంతంగా ఫుల్ డూప్లెక్స్ పెట్టి, ఇంకో వైపు ఆటోలో వదిలితే, 100 మెగాబిట్ లింకుల్లో అటువైపు హాఫ్ డూప్లెక్స్‌కి (ఒకసారికి ఒక దిశే) పడిపోతుంది. అప్పుడు చిన్న పింగ్‌లు బాగానే వెళ్తాయి, పెద్ద ఫైలు ఎక్కిస్తే మాత్రం పాకుతుంది. ఎప్పుడో ఎవరో మార్చి ఉంటే `మీడియా ఆటోసెలెక్ట్` అని వెనక్కి తెచ్చేయండి.

## 6. అడ్రసు

లింకు యాక్టివ్ అయ్యాక ముందు డీహెచ్‌సీపీతో, అంటే రౌటరే అడ్రసు ఇచ్చే పద్ధతితో, పరీక్షించండి. విలువ పెద్ద అక్షరాల్లో:

`సిస్‌ఆర్‌సీ ఐఎఫ్‌కాన్ఫిగ్_ఆర్‌ఈ0="డీహెచ్‌సీపీ"`
`సర్వీస్ నెటిఫ్ రీస్టార్ట్ && సర్వీస్ రౌటింగ్ రీస్టార్ట్`

రెండు రీస్టార్ట్‌లూ కలిపే కొట్టండి. మొదటిది మాత్రమే కొడితే స్థిర అడ్రసు ఉన్న మెషీన్‌లో డిఫాల్ట్ రూటు (బయటి నెట్‌కి దారి) ఎగిరిపోయి, "లోపల కనబడుతోంది, బయట నెట్ లేదు" అనే కొత్త సమస్య మొదలవుతుంది.

డీహెచ్‌సీపీతో అడ్రసు వచ్చిందంటే కార్డు, వైరు, స్విచ్, రౌటర్ అన్నీ మాట్లాడుకుంటున్నాయి. ఫైల్ సర్వర్‌కి స్థిర అడ్రసు ఉండాలి కాబట్టి ఇప్పుడు మార్చుకోండి:

`సిస్‌ఆర్‌సీ ఐఎఫ్‌కాన్ఫిగ్_ఆర్‌ఈ0="ఐనెట్ 192.168.1.10 నెట్‌మాస్క్ 255.255.255.0"`
`సిస్‌ఆర్‌సీ డిఫాల్ట్‌రౌటర్="192.168.1.1"`

ఎడిటర్‌తో ఆర్‌సీ.కాన్ఫ్ తెరిచి రాయడం కన్నా సిస్‌ఆర్‌సీ ఎందుకు మేలంటే, అది కోట్ గుర్తులు (") మర్చిపోదు. ఆర్‌సీ.కాన్ఫ్ నిజానికి ఒక షెల్ స్క్రిప్టు. సమానం గుర్తుకి అటూ ఇటూ ఖాళీ వదిలినా, ఒక కోట్ గుర్తు మూయకపోయినా బూట్ దగ్గరే ఇరుక్కోవచ్చు. అలా అయితే సింగిల్ యూజర్ మోడ్‌లోకి వెళ్లి, `మౌంట్ -యూ /` కొట్టి, ముందు తీసిపెట్టిన నకలుని తిరిగి పెట్టేయండి.

ఇక్కడ జరిగే తప్పులు:

- పేరు సరిపోకపోవడం. పాత మెషీన్ డిస్కు తెచ్చి కొత్తదాంట్లో పెట్టారు. ఆర్‌సీ.కాన్ఫ్‌లో ఈఎం0 ఉంది, కార్డు ఆర్‌ఈ0. అదే కంపెనీ రెండో కార్డు చేర్చినా నంబర్లు జరిగి ఈఎం0 కాస్తా ఈఎం1 కావచ్చు.
- ఒకే అడ్రసు ఇద్దరికి. మీరు ఎంచుకున్న 192.168.1.10 ని రౌటర్ ఎవరి ఫోన్‌కో ఇచ్చేసి ఉండొచ్చు. అలా జరిగితే ఇంకెవరో నా ఐపీ వాడుతున్నారని కన్సోల్‌లో ఏఆర్‌పీ వరస కనబడుతుంది. రౌటర్ పంచే వరసకి బయట అడ్రసు ఎంచుకోండి, లేదా రౌటర్‌లోనే ఆ అడ్రసుని సర్వర్‌కి రిజర్వ్ చేయండి.
- రెండు కార్డులకీ ఒకే నెట్‌వర్క్‌లో అడ్రసులు. వేగం రెట్టింపవుతుందనుకుని 192.168.1.10, 192.168.1.11 పెడతారు. అవ్వదు. ఏ కార్డుకి వచ్చిన ప్రశ్నకైనా జవాబు ఒకే కార్డు నుంచి వెళ్తుంది. ఒకటి చాలు, రెండోదాని వైరు పీకేయండి.

పరీక్ష ఈ వరసలో: ముందు రౌటర్‌కి పింగ్, తర్వాత 8.8.8.8 (బయటి నెట్‌లో గూగుల్ సర్వర్) కి, తర్వాత ఏదైనా వెబ్‌సైట్ పేరుకి. మొదటిది విఫలమైతే అడ్రసో, నెట్‌మాస్కో తప్పు. రెండోది విఫలమైతే డిఫాల్ట్ రూటు చూడండి, `నెట్‌స్టాట్ -ఆర్‌ఎన్` చెప్తుంది. మూడోది మాత్రమే విఫలమైతే /ఈటీసీ/రిసాల్వ్.కాన్ఫ్‌లో నేమ్‌సర్వర్ (పేరుని అడ్రసుగా మార్చేది) లేదు, కార్డు తప్పేమీ లేదు.

రౌటర్‌కే పింగ్ వెళ్లకపోతే, `టీసీపీడంప్ -ఎన్ -ఐ ఆర్‌ఈ0` పెట్టి వదిలేసి, ఇంకో కంప్యూటర్ నుంచి సర్వర్‌కి పింగ్ చేయండి. వచ్చే ప్రశ్నలు కనబడి జవాబు వెళ్లకపోతే మీ ఫైర్‌వాల్ అడ్డుపడుతోంది. ఏమీ కనబడకపోతే ప్యాకెట్లు అసలు చేరట్లేదు.

## 7. వేగం

డిస్కునీ, సాంబానీ పక్కన పెట్టి కేవలం నెట్‌వర్క్‌ని కొలవాలి. సర్వర్‌లోనూ, ల్యాప్‌టాప్‌లోనూ ఐపెర్ఫ్3 వేసుకోండి. ల్యాప్‌టాప్ కూడా వైరు మీదే ఉండాలి. వైఫై మీద కొలిచి సర్వర్‌ని తిట్టకూడదు.

సర్వర్‌లో: `ఐపెర్ఫ్3 -ఎస్`
ల్యాప్‌టాప్‌లో: `ఐపెర్ఫ్3 -సీ 192.168.1.10`
తర్వాత వెనక దిశలో: అదే కమాండ్ చివర మైనస్ పెద్ద ఆర్

వచ్చిన అంకె చూసి ఇలా అర్థం చేసుకోండి.

- 940 మెగాబిట్ల దగ్గర, రెండు వైపులా: గిగాబిట్ కార్డు ఇవ్వగలిగినదంతా ఇస్తోంది. ఫైలు కాపీ సెకనుకి 110 ఎంబీ దాకా రావాలి. రాకపోతే డిస్కో, సాంబానో చూసుకోండి.
- 94 దగ్గర: 100 మెగాబిట్ లింకు. 5వ మెట్టుకి వెనక్కి.
- ఒక వైపు 940, ఇంకో వైపు 200, 300: వైరు, డూప్లెక్స్, లేదా ఆఫ్‌లోడ్ (ప్రాసెసర్ బదులు కార్డు చేసే లెక్కలు).
- ప్రతిసారీ వేరే అంకె, మధ్యలో సున్నా: 8వ మెట్టు.

తప్పుల లెక్క చూడటానికి `నెట్‌స్టాట్ -ఐ -ఎన్` కొట్టండి. ఇన్‌పుట్ ఎర్రర్ల అంకె ఒకసారి రాసుకుని, ఐపెర్ఫ్ నడిపి, మళ్లీ చూడండి. పెరుగుతుంటే వైరు మీద మొదటి అనుమానం. ఇంటెల్ కార్డులైతే `సిస్‌సీటీఎల్ డెవ్.ఐజీబీ.0` కింద సీఆర్‌సీ తప్పుల లెక్క విడిగా ఇస్తాయి. అది పెరగడమంటే దారిలో బిట్లు చెడిపోతున్నాయి, డ్రైవర్ అమాయకురాలు.

ఎర్రర్లు లేకుండానే ఒక దిశలో నెమ్మదిగా ఉంటే, కార్డు చేసే లెక్కల్ని తాత్కాలికంగా ఆపి చూడండి:

`ఐఎఫ్‌కాన్ఫిగ్ ఆర్‌ఈ0 -టీఎస్‌ఓ -ఎల్‌ఆర్‌ఓ -టీఎక్స్‌సీసమ్ -ఆర్‌ఎక్స్‌సీసమ్`

వేగం పెరిగితే ఒక్కొక్కటిగా మళ్లీ ఆన్ చేసి దోషి ఎవరో తేల్చండి. తేడా లేకపోతే అన్నీ వెనక్కి పెట్టేయండి. "ఆఫ్‌లోడ్ ఆపేస్తే మంచిది" అని ఎక్కడో చదివి శాశ్వతంగా ఆపుకుంటే ప్రాసెసర్‌కి ఊరికే పని పెంచినట్టు.

జంబో ఫ్రేములు, అంటే ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 9000 బైట్లు, కొత్త సర్వర్‌లో వద్దు. నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి మెషీనూ, స్విచ్చూ ఒప్పుకోవాలి. ఒక్కటి ఒప్పుకోకపోయినా చిన్న ఫైళ్లు వెళ్లి పెద్దవి ఆగిపోయే వింత జబ్బు పట్టుకుంటుంది. ఇప్పటికే మార్చి ఉంటే `పింగ్ -డీ -ఎస్ 8972` తో అటు చివరికి వెళ్తోందో లేదో చూడండి. అందులో డీ పెద్దక్షరం. వెళ్లకపోతే 1500 కి తెచ్చేయండి. అప్పుడు అదే పరీక్ష 1472 తో వెళ్లాలి.

డిస్కు వేగం కొలవబోయి చాలామంది మోసపోయే చోటు ఇంకొకటి. డీడీ కమాండ్‌తో /డెవ్/జీరో (సున్నాలే ఇచ్చే ఫైలు) నుంచి రాసి చూస్తే, జెడ్‌ఎఫ్‌ఎస్ కంప్రెషన్ ఆ సున్నాలన్నిటినీ మింగేసి నమ్మలేనంత అంకె చూపిస్తుంది. పూల్‌లో ఉన్న పెద్ద వీడియో ఫైల్ని రీబూట్ అయిన వెంటనే ఒకసారి చదివించి చూడండి. రెండోసారి చదివితే అది ర్యామ్ వేగం, డిస్కుది కాదు.

## 8. నడుస్తూ నడుస్తూ తెగిపోతే

రాత్రి బ్యాకప్ పెడితే పొద్దున్నకి ఆగిపోయి ఉంటుంది. రీబూట్ చేస్తే మళ్లీ బాగుంటుంది. డీమెస్గ్‌లో వాచ్‌డాగ్ టైమౌట్ అని కార్డు పేరుతో వరసలు ఉన్నాయేమో చూడండి. పంపమని ఇచ్చిన ప్యాకెట్ పంపానని కార్డు చెప్పలేదు, డ్రైవర్ విసిగి దాన్ని రీసెట్ చేసింది అని దానర్థం.

ప్రయత్నించాల్సిన వరస:

1. రియల్‌టెక్ అయితే 4వ మెట్టులో చెప్పిన కేమాడ్ ప్యాకేజీ. సగం కేసులు ఇక్కడే తీరతాయి.
2. ప్యాకేజీ వద్దనుకుంటే, మామూలు ఆర్‌ఈతోనే, ఎంఎస్‌ఐ (కార్డు ప్రాసెసర్‌ని పిలిచే ఒక పద్ధతి) ఆపేలా, లోడర్.కాన్ఫ్‌లో `హెచ్‌డబ్ల్యూ.ఆర్‌ఈ.ఎంఎస్‌ఐ_డిసేబుల్="1"`, `హెచ్‌డబ్ల్యూ.ఆర్‌ఈ.ఎంఎస్‌ఐఎక్స్_డిసేబుల్="1"` పెట్టి రీబూట్.
3. స్విచ్‌లో గ్రీన్ ఈథర్నెట్ లాంటి కరెంటు ఆదా సెట్టింగ్ ఉంటే ఆపడం.
4. ఐ225 చిప్ తొలి రివిజన్లలో 2.5 గిగాబిట్ దగ్గర కొన్ని స్విచ్‌లతో ప్యాకెట్లు పోయే లోపం ఉండేది. ఆ చిప్ అయితే స్విచ్ వైపు పోర్టుని 1 గిగాబిట్‌కి దించి రెండు రోజులు చూడడం.

డీమెస్గ్‌లో లింక్ డౌన్, లింక్ అప్ అని మాత్రమే పదేపదే వస్తుంటే అది వాచ్‌డాగ్ కథ కాదు. వైరో, స్విచ్ పోర్టో, స్విచ్ అడాప్టరో. ఇన్వర్టర్ మీదికి మారినప్పుడల్లా తెగుతోందేమో గమనించండి. సర్వర్‌కి యూపీఎస్ పెట్టి స్విచ్‌ని మామూలు ప్లగ్‌లో వదిలేసేవాళ్లే ఎక్కువ.

ఉరుములు మెరుపులు ఉన్న రాత్రి తర్వాత మొదలైతే, పోర్టు దెబ్బతిని ఉండొచ్చు. పిడుగు దూరంగా పడినా పొడవాటి వైరు గుండా వచ్చిన కరెంటు పోటుకి పోర్టు సగం చచ్చి, లైటు వెలుగుతూనే ఉంటుంది.

## 9. కార్డు మార్చేయడం ఎప్పుడు?

రెండు సాయంత్రాలు పోయాక కూడా ఆన్‌బోర్డ్ రియల్‌టెక్ కుదురుకోకపోతే, నా సలహా దాన్ని వదిలేయమనే. ఐ210 గానీ, ఐ350 గానీ ఉన్న ఇంటెల్ కార్డు ఒకటి తెచ్చి పెట్టండి. సిస్టమ్‌తోనే వచ్చే డ్రైవర్ పడుతుంది, కెర్నెల్ అప్‌గ్రేడ్ అయినప్పుడు మాడ్యూల్ సరిపోలేదన్న గొడవ ఉండదు. పాత సర్వర్ల నుంచి తీసినవి దొరుకుతాయి. బాగా చవకగా "కొత్తవి" అమ్ముతుంటే నకిలీ కావచ్చు, జాగ్రత్త.

కేమాడ్ ప్యాకేజీతోనే ఉండిపోయేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ మాడ్యూల్ కెర్నెల్ వెర్షన్‌కి తగ్గట్టు ఉండాలి. ఫ్రీబీఎస్‌డీ 14 నుంచి 15 కి వెళ్లే రోజున ఫోనూ, డేటా కేబులూ పక్కన పెట్టుకుని మొదలుపెట్టండి.

## 10. లైనక్స్ లేదా ఓపెన్‌బీఎస్‌డీ అయితే

మెట్లు ఇవే, కమాండ్లు వేరు. లైనక్స్‌లో కార్డునీ డ్రైవర్‌నీ `ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే` చూపిస్తుంది, లింకు వేగాన్ని `ఈథ్‌టూల్`, అడ్రసుని `ఐపీ ఏ`. ట్రూనాస్ అనే రెడీమేడ్ ఫైల్ సర్వర్ సిస్టముల్లో ట్రూనాస్ కోర్ ఫ్రీబీఎస్‌డీ మీద, ట్రూనాస్ స్కేల్ (ఇప్పుడు ట్రూనాస్ కమ్యూనిటీ ఎడిషన్) డెబియన్ లైనక్స్ మీద నడుస్తాయి కాబట్టి మీది ఏదో ముందు చూసుకోండి. ఆ రెండిట్లోనూ సెట్టింగులు వెబ్ పేజీలోనో, కన్సోల్ మెనూలోనో మార్చాలి. ఆర్‌సీ.కాన్ఫ్‌లో చేత్తో రాసింది నిలవదు.

ఓపెన్‌బీఎస్‌డీలో రియల్‌టెక్ 8125 కి ఆర్‌జీఈ అనే డ్రైవర్ సిస్టమ్‌తోనే వస్తుంది. సెట్టింగ్ /ఈటీసీ/హోస్ట్‌నేమ్.ఆర్‌జీఈ0 ఫైల్లో.

## 11. పని అయ్యాక

- రీబూట్ చేసి, ఏమీ ముట్టుకోకుండా నెట్ దానంతటదే వచ్చిందా?
- పవర్ ప్లగ్ పీకి పెట్టాక కూడా వచ్చిందా?
- మీడియా వరసలో అనుకున్న వేగమే ఉందా?
- ఐపెర్ఫ్ రెండు దిశల్లోనూ పది నిమిషాలు నడిపారా? ఎర్రర్ల అంకె కదలకుండా ఉందా?
- టెస్టింగ్ కోసం ఆపిన ఫైర్‌వాల్ మళ్లీ ఆన్ చేశారా?
- ఫోన్ టెథరింగ్ కోసం పెట్టిన యూఈ0 సెట్టింగులేమైనా ఆర్‌సీ.కాన్ఫ్‌లో మిగిలాయా?
- కార్డు పేరు, చిప్ నంబరు, ఐపీ అడ్రసు, లోడర్.కాన్ఫ్‌లో చేర్చిన వరసలు ఒక కాగితం మీద రాసి, క్యాబినెట్ లోపలి వైపు అతికించారా?

ఇవన్నీ అయ్యాకే సాంబా షేర్లు మొదలుపెట్టండి.